ఆ బ్రేకు మనకెందుకు లేదు?

గురుగ్రామ్‌లో తయారైన ఐదు తలుపుల మారుతీ సుజుకీ జిమ్నీ కారు ఓడెక్కి జపాన్ చేరితే దాని పేరు ‘జిమ్నీ నోమేడ్’. 2025లో అక్కడ బుకింగులు తెరిస్తే నాలుగు రోజుల్లో 50 వేలు దాటాయి. అప్పుడు వచ్చిన ఆ బండికి ముందు అద్దం వెనుక రెండు కెమెరాలున్నాయి. ఎదురుగా వాహనమో మనిషో అడ్డొచ్చి, డ్రైవరు చూసుకోకపోతే బండే బ్రేకు వేస్తుంది. 2023 జూన్‌లో మన షోరూములకు వచ్చిన జిమ్నీకి ఆ కెమెరాలూ లేవు, ఆ బ్రేకూ లేదు. కర్మాగారం అదే, బిగించే చేతులూ మనవాళ్లవే. మరి ప్రాణం విలువ ఎక్కడ మారింది?

కొండలెక్కే బండికి ఈ హంగులెందుకని వాదించేవారున్నారు. బురద పడితే సెన్సర్లు మూసుకుపోతాయని, పొదల్లో అనవసరంగా బ్రేకు పడుతుందని వారి మాట. అలాంటి చోట ఆపేసుకోవడానికి మీట ఉంది. వాదన అక్కడితో సరి.

అసలు ఈ బండ్లు తిరిగేదెక్కడ? మారేడుమిల్లి ఘాటుకో వంజంగి కొండకో ఏడాదికి ఒకటి రెండుసార్లు. తక్కిన రోజులన్నీ ఔటర్ రింగు రోడ్డు, విజయవాడ హైవే. రాత్రిపూట ఆ హైవే అంచున ఆగిన ట్రాక్టరు ట్రాలీని గుర్తు తెచ్చుకోండి. వెనుక లైటు ఉండదు, రిఫ్లెక్టరు స్టిక్కరు మట్టికొట్టుకుపోయి ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు ఒక్క సెకను ఫోను వంక చూస్తే అంత దూరం కళ్లు మూసుకుని పోయినట్టే. ఆ క్షణంలో బ్రేకు దానంతటదే పడితే బండి పూర్తిగా ఆగకపోవచ్చు, కానీ గుద్దే వేగం తగ్గుతుంది. ఆ తగ్గిన వేగంతోనే మనుషులు బతికి బయటపడతారు. 2022 ఒక్క ఏడాదే దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు.

ఇక్కడి రోడ్లకు ఇది పనికిరాదనీ అనలేరు. 2024 ఆగస్టులో వచ్చిన మహీంద్రా థార్ రాక్స్‌లో ఈ ఏర్పాటు ఉంది, కాకపోతే పై వేరియంట్లకే. జపాన్ వాడికి ఉంది, డబ్బున్నవాడికి ఉంది, అప్పుచేసి కింది వేరియంటు కొన్నవాడికి లేదు. మేం తప్పుపడుతున్నది ఈ రెండు నాలుకల ధోరణినే. గీతలే చెరిగిపోయిన రోడ్ల మీద స్టీరింగును లాగే లేన్ అసిస్ట్ వద్దంటే ఒప్పుకొంటాం. బ్రేకు సంగతి వేరు, దాన్ని సన్‌రూఫ్ పక్కన పెట్టి అమ్మకూడదు.

బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ కూడా ఒకప్పుడు ఖరీదైన కార్ల హంగే. 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశాకే చిన్న కార్లన్నిటికీ వచ్చింది. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ ఆటోమేటిక్ బ్రేకు ఉండాల్సిందే. మన రవాణా శాఖ కార్లకు ఈ బ్రేకు తప్పనిసరి చేస్తూ తేదీ ఎప్పుడు పెడుతుంది? కంపెనీలు తమంతట తాము ఇస్తాయని ఎదురుచూడటం దండగ. ఇచ్చే ఉద్దేశమే ఉంటే గురుగ్రామ్ నుంచి జపాన్‌కు పంపుతున్న బ్రేకు ఈపాటికి మన ఊళ్లకూ వచ్చేది. ఎందుకు రాలేదో తయారీదారు కొనుగోలుదారులకు జవాబు చెప్పాలి. అది చెప్పేదాకా ఎగుమతుల లెక్కలు చదివి వినిపించడం మానుకోవాలి.