కిరాణా దుకాణాల పని అయిపోయిందా? ఆ మెసేజ్‌లో లెక్క ఎక్కడ తప్పింది

నల్లగొండ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "దేశంలో 80 శాతం అమ్మకాలు ఇప్పుడు సూపర్ మార్కెట్లవి, యాప్‌లవే. ఒక్క ఏడాదిలో 2 లక్షల కిరాణా దుకాణాలు మూతపడ్డాయి, ఐదేళ్లలో మిగిలినవీ పోతాయి. అమెరికాలో ఎప్పుడో పోయాయి. కిరాణా వాళ్లు పన్ను కూడా కట్టరు కాబట్టి దేశానికి నష్టం లేదు. దుకాణం ఉన్నవాళ్లు ఇప్పుడే అమ్మేసి ప్లాటు కొనుక్కోండి."

దేవరకొండ దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా కిరాణం నడుపుతున్న మా నాయిన అది చదివి నాకు ఫోన్ చేశాడు. "నిజమేనా బిడ్డా?" అన్నాడు. ఆ గొంతులో టెన్షన్ విన్నాక ఊరుకోలేకపోయాను.

ముందు ఆ 80 శాతం సంగతి. అంకె దాదాపు సరైనదే, తలకిందులు చేసి రాశారు. మన దేశంలో చిల్లర అమ్మకాల్లో పదింట ఎనిమిది వంతుల దాకా నడిపేది కిరాణా కొట్లు, బట్టల దుకాణాలు, మందుల షాపులు, తోపుడు బండ్లు, వారం వారం అంగడి. ఆన్‌లైన్ వాటా 7, 8 శాతం దగ్గర ఉంది. ఒక్క సరుకులే తీసుకుంటే పాత దుకాణాల వాటా ఇంకా ఎక్కువ, 90 శాతం పైమాటే.

నమ్మకం కుదరకపోతే పెద్ద కంపెనీల లెక్కలే చూడండి. 2024లో దేశం మొత్తం చిల్లర వ్యాపారం సుమారు 82 లక్షల కోట్ల రూపాయలని బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే సలహా సంస్థ, చిల్లర వ్యాపారుల సంఘమైన రిటైలర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కలిసి అంచనా వేశాయి. 2024-25లో రిలయన్స్ రిటైల్ వ్యాపారం దాదాపు 3.3 లక్షల కోట్లు. సరుకులతో పాటు ఫోన్లు, టీవీలు, బట్టలు అన్నీ అందులోనే ఉన్నాయి. 415 స్టోర్లున్న డీమార్ట్‌ది 58 వేల కోట్ల లోపు. అంటే దేశంలో వంద రూపాయల సరుకు అమ్ముడైతే రిలయన్స్‌కు నాలుగు రూపాయలు, డీమార్ట్‌కు ముప్పావు రూపాయి కూడా కాదు. ఇంత పెద్ద పేర్లు రెండూ కలిసి అయిదు రూపాయలు దాటలేదు.

మరి అందరికీ నిజమని ఎందుకు అనిపిస్తోంది? యాప్‌ల అమ్మకం వేగంగా పెరుగుతోంది, వార్తల్లో వచ్చేది ఆ వేగమే. వందలో రెండు ఉన్న వాటా నాలుగైతే రెట్టింపు అయిందంటారు, కానీ అది ఇంకా వందలో నాలుగే. పెరిగే వేగం వేరు, వాటా వేరు. మెసేజ్ రాసినవాళ్లు ఈ రెండూ కలిపేశారు.

రెండు లక్షల దుకాణాల మాట గాల్లోంచి వచ్చింది కాదు. సరుకుల డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య 2024 అక్టోబరులో చెప్పిన అంచనా అది. అయితే దేశంలో ఉన్న కిరాణా దుకాణాలు సుమారు 1.3 కోట్లని కూడా ఆ సమాఖ్యే చెప్పింది. అంటే మూతపడ్డవి వందకు ఒకటిన్నర. వాటిలోనూ సగానికి దగ్గరగా మహానగరాలవే. మూతపడ్డ ప్రతి దుకాణం వెనుక ఒక కుటుంబం ఉంది, ఆ బాధను నేను తక్కువ చేయను. కానీ ఆ లెక్క నుంచి ఐదేళ్లలో అన్నీ పోతాయన్న మాట రాదు.

అమెరికా సంగతి చిన్నదే. 2024లో అక్కడ ఆన్‌లైన్ వాటా దాదాపు 16 శాతం, మిగతాదంతా దుకాణాల్లోనే. ఆన్‌లైన్ బాగా ముదిరిన చైనాలో కూడా నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

పన్ను మాట మాత్రం నాకు కోపం తెప్పించింది. సబ్బు మీద 2025 సెప్టెంబరు 22 దాకా 18 శాతం జీఎస్టీ ఉండేది, ఇప్పుడు 5 శాతం. మా నాయిన డిస్ట్రిబ్యూటర్ దగ్గర సబ్బుల పెట్టె కొన్నప్పుడే ఆ పన్ను బిల్లులో పడుతుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న దుకాణానికి అది వెనక్కి రాదు. విడిగా తూచి అమ్మే బియ్యం, పప్పు మీద జీఎస్టీ లేదు. సూపర్ మార్కెట్ విడిగా అమ్మినా అదే లెక్క.

ఇక ఏ లెక్కలోనూ కనబడని విషయం ఉద్దెర, అంటే అప్పు మీద సరుకులివ్వడం. మా వైపు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కాంటా (తూకం) అయ్యాక డబ్బులు ఖాతాలో పడేదాకా ఇల్లు గడవాలి. అంతకుముందు నాట్లు, కలుపు, ఎరువులు, ఆ నెలలన్నీ గడవాలి. నాయిన దుకాణంలో పొడుగాటి ఖాతా పుస్తకం ఉంటుంది, ఇంటికో పేజీ. నూనె, చక్కెర, చాయపత్తి అన్నీ అందులో రాసుకుంటాడు. పాలమూరు వైపు నుంచి పనుల కోసం పుణె, ముంబై వలస పోయిన వాళ్ల ఇంటి ముసలివాళ్లకు కొడుకు పైసలు పంపేదాకా సరుకులిచ్చేది ఊరి దుకాణమే. వడ్డీ లేదు, సంతకం లేదు. ఏ యాప్ ఇస్తుంది ఇలా? ఈ ఉద్దెర ఉన్నంతకాలం ఆ ఇళ్లవాళ్లు సరుకులకు ఆ దుకాణం దాటి పోరు.

నాయిన దగ్గర బియ్యం అమ్మకం తగ్గిన మాట వాస్తవం. దానికి కారణం యాప్ కాదు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. రేషన్ కార్డులో ఉన్న మనిషికి ఆరు కిలోలు. అంతకుముందు సోనా మసూరి బస్తా కొనే ఇళ్లు ఇప్పుడు కొనడం లేదు. పేదవాళ్లు మంచి అన్నం తింటున్నారు, దానికి నాయినకూ నాకూ సంతోషమే. అమ్మకం తగ్గిందంటే కారణం వెతకాలి గానీ, కనబడ్డ ప్రతిదానికీ ఆన్‌లైన్ అని పేరు పెట్టకూడదు.

దెబ్బ తగులుతున్న చోటు కూడా చెప్పాలి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో జీతగాళ్ల ఇళ్లు నెల సరుకులకు సూపర్ మార్కెట్‌కు మళ్లాయి. ఫోన్లు, మిక్సీలు ఆన్‌లైన్‌కు పోయాయి. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ధర. ఒకే కంపెనీ సబ్బు పెద్ద గొలుసు దుకాణాలకు ఒక రేటుకు, డిస్ట్రిబ్యూటర్ ద్వారా చిన్న దుకాణానికి మరో రేటుకు వెళ్తోంది. కొన్నిసార్లు నాయిన కొనే ధరకంటే అక్కడ అమ్మే ధరే తక్కువ. ఈ తేడా మీద డిస్ట్రిబ్యూటర్లు 2021 నుంచి కంపెనీలతో కొట్లాడుతున్నారు, 2024లో నిమిషాల్లో సరుకు తెచ్చే క్విక్ కామర్స్ యాప్‌ల మీద, వ్యాపారంలో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లారు. దుకాణం అమ్ముకోమని మెసేజ్ పంపేవాళ్లు, అదే ఓపికతో ఈ రేటు తేడా గురించి కంపెనీలను అడిగితే మా నాయినకు పనికొస్తుంది.