కనకాంబరాలు పాలిపోయాయంటే ఆ ఫొటో మీది కాదు

నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య దొరికే ఒకే ఒక్క ఖాళీ ఆదివారాన్ని బెంగళూరులోని తెలుగు జంటలు ఎలా ఖర్చు చేస్తున్నాయో అందరం చూస్తున్నదే. ప్రీవెడ్డింగ్ ఫొటోషూట్‌కి. నాలుగు లొకేషన్లు, నాలుగు డ్రెస్సులు, ఒక డ్రోను, రంగు పొగ డబ్బాలు. ఫొటోలు ఎలా కావాలని అడిగితే మాత్రం ‘సహజంగా ఉండాలండీ’ అంటారు. సహజత్వం మూడ్‌ని బట్టి వస్తుందనుకుంటారు గానీ, అది వట్టి లెక్క. ఒక చోటు, ఒక జత బట్టలు, కెమెరా పట్టుకున్న మనిషి ఒక్కరు, 90 నిమిషాలు. దీనికి ఏది కలిపినా ముఖాలు బిగుసుకోవడం ఖాయం.

నంది కొండనే తీసుకోండి. బెళ్లందూరులో ఉండే జంట చలికాలం సూర్యోదయానికి 1,478 మీటర్ల ఎత్తున సిద్ధంగా నిలబడాలంటే ఇంట్లోంచి తెల్లవారుజామున నాలుగింటికి కదలాలి. అంతకుముందు మేకప్‌కి రెండు గంటలు. అంటే అమ్మాయి ఒంటిగంటన్నరకు లేవాలి. తీరా వెళ్లాక మంచు కమ్మితే సూర్యుడే కనపడడు, కమ్మకపోతే సగం ఊరు అక్కడే ఉంటుంది. నిద్రలేని కళ్లను దాచే లెన్సు ఇంకా రాలేదు.

వెలుగు లెక్క ఇంకా ముఖ్యం. ‘గోల్డెన్ అవర్’ అన్నారు కాబట్టి గంట ఉంటుందనుకుంటారు. అది ఉత్తరాది చలిదేశాల లెక్క. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువునా ఎక్కుతాడు. ఉదయించిన అరగంటకు సుమారు 6 డిగ్రీలు, గంట తిరిగేసరికి 13. బంగారు వెలుగు ఉండేది అరగంట పైచిలుకే. ఆ తర్వాత ఇంకో గంట నీడ పట్టున నెట్టుకురావచ్చు. ఎనిమిదిన్నర దాటితే కళ్ల కింద నీడలు మొదలవుతాయి. అంత చిన్న కిటికీలో రెండో డ్రెస్సు ఎప్పుడు మార్చుకుంటారు, కార్లో రెండో చోటికి ఎప్పుడు వెళ్తారు? పోనీ సాయంత్రం పెట్టుకుందామంటే, మే నుంచి అక్టోబరు దాకా బెంగళూరు సాయంత్రాన్ని నమ్మి జుట్టు విరబోసుకోవడం పెద్ద సాహసం.

లాల్‌బాగ్ 1760 నాటిది, అందులో గాజు మేడ 1889 నాటిది. అందం గురించి పేచీ లేదు. కానీ లాల్‌బాగైనా కబ్బన్ పార్కైనా ఉద్యాన శాఖ ఆధీనంలోవి. అనుమతి కాగితం లేకుండా అక్కడ రిఫ్లెక్టరు విప్పితే సెక్యూరిటీతో వాదనకే ఆ అరగంట సరిపోతుంది. పైగా పెద్ద చెట్ల కింద పచ్చిక మీద నిలబడితే ఆ పచ్చదనం దవడ కింద, మెడ మీద పడి పెళ్లికళ కాస్తా పసరు కళ అవుతుంది. పార్కే కావాలనుకుంటే చెట్టు నీడ అంచుకు వచ్చి, మట్టి దారి మీద నిలబడాలి.

నన్నడిగితే బసవనగుడిలోని గాంధీ బజారు చాలు. పొద్దున్నే, పూలబుట్టలు విప్పే వేళకు వెళ్లండి. జంటకు ఒకటే పని చెప్పండి, రెండు మూరల కనకాంబరాలు కొనమని. పూలామె దండను మోచేతి నుంచి వేలి కొస దాకా లాగి కొలుస్తుంది. మూరను కన్నడంలో ‘మొళ’ అంటారు. ‘ఎష్టు మొళ?’ అని ఆమె అడగ్గానే అబ్బాయి అమ్మాయి వైపు చూస్తాడు. ఆ చూపు ఏ పోజులోనూ రాదు. దండ చేతికొచ్చాక జడలో ఎలా తురమాలో తెలియదు, పిన్ను ఎటు పట్టుకోవాలో తెలియదు. అమ్మాయి తల వంచి వెనక్కి చేయి చాపుతుంది. ఇప్పుడు ఇద్దరి చేతులకూ పనుంది, కళ్లు ఆ పని మీదే ఉన్నాయి, కెమెరా ఉందన్న ధ్యాస లేదు. అయితే బోణీ వేళ కాబట్టి పూలామెను ముందే అడగాలి, ముందు పూలు కొనాలి, తర్వాతే కెమెరా తీయాలి.

పోజు చెప్పొద్దు, పని చెప్పండి. ‘నవ్వండి’ అన్న మాట అసలు వాడకూడదు. పెద్దలు కుదిర్చిన సంబంధమైతే ఆ ఇద్దరూ అప్పటిదాకా ఎక్కువగా వీడియో కాల్‌లోనే మాట్లాడుకుని ఉంటారు. ముక్కూముఖం తెలియని నలుగురి ముందు నుదురుకు నుదురు ఆనించమనడం మొరటుతనం. ఇరవై అడుగులు అటు, ఇరవై అడుగులు ఇటు నడవమనండి. మొదటి పావుగంట ఫొటోలు ఎలాగూ పనికిరావు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ‘అయిపోయింది’ అన్నాక కూడా మూడు సెకన్లు షటరు నొక్కుతూనే ఉండాలి, భుజాలు దిగేది అప్పుడే.

వెనక దృశ్యం కరిగిపోవాలన్న మోజులో జరిగే పొరపాటు ఒకటుంది. రెండున్నర మీటర్ల దూరం నుంచి 85 ఎంఎం లెన్సును బాగా తెరిచి, అంటే ఎఫ్ 1.8లో పెడితే స్పష్టంగా పడే లోతు 9 సెంటీమీటర్లే. అబ్బాయి అర అడుగు వెనకున్నాడంటే మసకే. ఎఫ్ 4కు వస్తే అది 20 సెంటీమీటర్లవుతుంది. నడిచే జంటకు షటరు వేగం సెకనులో 250వ వంతుకు తగ్గకూడదు. బట్టల విషయానికొస్తే, ఒకసారి కట్టి ఉతికినవే మేలు. కొత్త జాకెట్టు చంకల్లో పట్టేస్తే చేయి భుజం దాకా లేవదు. సన్న గళ్ల చొక్కా తెర మీద అలలు అలలుగా కనిపిస్తుంది.

‘రిసెప్షన్లో ఎల్ఈడీ తెర మీద ఏం వేస్తాం? జీవితంలో ఒకసారే కదా’ అని పెద్దవాళ్లు అంటారు. న్యాయమే. తెర మీదకు పది మంచి ఫొటోలు చాలు, అవి ఒక్క చోటే దొరుకుతాయి. బంధువులు ఎలాగూ భోజనాల వరుస వైపే చూస్తుంటారు.

ఇంతకీ అసలు సహజత్వం పోయేది గాంధీ బజారులోనూ కాదు, నంది కొండ మీదా కాదు, ఎడిటింగ్ టేబుల్ దగ్గర. పెళ్లి సంబంధాల సైటు షాదీ డాట్ కామ్ 2020లో, చర్మం రంగును బట్టి సంబంధాలు వెతికే ఫిల్టరు తీసేసింది. అదే ఏడాది ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరులోంచి ఫెయిర్ పోయింది. మనకేమో ఆ ఫిల్టరు ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూములోకి కాపురం మారింది. ఆరెంజ్ ల్యూమినెన్స్ అనే స్లయిడరును కుడివైపు లాగితే చామనఛాయ తేలిపోతుంది. ఎవరూ అడగక ముందే లాగేస్తారు, ‘కస్టమర్లకు అదే ఇష్టం’ అంటారు. పెళ్లిచూపుల్లో రంగు గురించి మాట్లాడితే సంస్కారం కాదనే ఇళ్లలోనే, ఆల్బమ్‌లో కోడలు రెండు ఛాయలు తెల్లబడి వస్తే ‘ఫొటోలు బాగొచ్చాయి’ అంటారు. అమ్మాయి మాత్రం పెళ్లినాడు తన ఫ్లెక్సీ పక్కన తానే నిలబడి పోలికకు దొరికిపోవాలి.

అందుకే అడ్వాన్సు ఇచ్చేముందు ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: ఫొటో మొత్తానికీ వర్తించే ఎక్స్‌పోజరు (వెలుతురు), వైట్ బ్యాలెన్సు (రంగుల సమతూకం) సరిచేయడం తప్ప చర్మం రంగు ముట్టుకోకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏరి పెట్టినవి కాకుండా, ఒకే జంటవి మొత్తం ఫొటోలు చూపించమనండి. ఫైళ్లు వచ్చాక మీ ముఖం కాదు, జడలో పూలు చూడండి. ఆ స్లయిడరుకు చర్మమేదో కనకాంబరమేదో తెలియదు, రెండింటినీ కలిపే పాలిపోయేలా చేస్తుంది. గాంధీ బజారులో కొన్న రంగు పూలలో లేకపోతే, ప్రింటుకు ఇవ్వకుండా వెనక్కి పంపండి.