పని చేసే చేతుల్లా కనిపించకూడదట!

మీ గోరు ఏ ఆకారంలో ఉందో మీకు తెలుసా? తెలీదు కదా. తెలీకుండానే ఇన్నేళ్లూ ఆ చేత్తో అన్నం కలిపారు, బస్సులో కమ్మీ పట్టుకున్నారు, పెళ్లిళ్లలో అక్షింతలు వేశారు. సిగ్గుండాలి. ఇప్పుడు ఇంటింటా మానిక్యూర్ యుగం నడుస్తోంది కాబట్టి శాస్త్రం కాస్త ఒంటబట్టించుకోండి. రౌండ్, ఓవల్, స్క్వేర్, ఆ చివరి రెండింటికీ పుట్టిన స్క్వోవల్, మొన తేలిన ఆల్మండ్, మొన నరికేసిన కాఫిన్, చూడగానే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేసే స్టిలెటో. పొట్టి వేళ్లవాళ్లు ఓవల్ గానీ ఆల్మండ్ గానీ పెట్టుకోవాలి. సన్నగా పొడుగ్గా ఉన్న వేళ్లకు స్క్వేర్ అయినా చెల్లుతుంది. ఏదీ తేలకపోతే గోటి మొదట్లో చర్మం ఎలా వంపు తిరిగిందో కొసని కూడా అదే వంపులో అరగదీసుకోవాలి.

ఇదంతా నిజమే. కంటికి చేసే చిన్న కనికట్టు, దాని మీద నాకు కోపం లేదు. ఒళ్లు మండేది దాని వెనక ఉన్న తీర్పుకి. పొట్టి వేలు తప్పు, వెడల్పు గోరు తప్పు, పుట్టుకతో వచ్చిన చెయ్యి మొత్తం సరిదిద్దాల్సిన తప్పుల పట్టిక. ఆషాఢంలో రుబ్బిన గోరింటాకు ఏ వేలినీ ఇలా అవమానించలేదు, పొట్టిదైనా పొడుగుదైనా కొసకి టోపీ పెట్టి ఊరుకుంది.

విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరుగుతుంది. ఊరంతా చుట్టాలతో నిండిపోయే ఆ రోజుకే మా అన్నయ్య కూతుర్ని చూడ్డానికి ఒక సంబంధం వాళ్లు కూడా వస్తామన్నారు. ఇంకేం, దానికి ముందు బుధవారం అన్నయ్యగారి అరుగు మీద గోళ్ల విషయమై ఉన్నత స్థాయి సమావేశం. అధ్యక్షత పక్కింటి పిన్నిగారి కోడలిది. బ్యుటీషియన్ కోర్సు చేసి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకున్న మనిషి. సాంకేతిక సలహాదారు మా బావగారు, ఆయన సర్వేయరుగా రిటైరయ్యారు గానీ ఆయన స్కేలు కాలేదు.

పిల్ల చెయ్యి పీట మీద పెట్టించి, కళ్లజోడు సవరించుకుని కొలిచారు. బొటనవేలి గోరు వెడల్పు పదమూడు మిల్లీమీటర్లు, చిటికెన వేలిది ఎనిమిది. చూపుడు వేలి గోరు కొంచెం ఎడమకి వాలిందని, ఇది హద్దు జరిగిన కేసని, రీసర్వే చెయ్యకుండా ఎవరూ ముట్టుకోవద్దని రూలింగ్ ఇచ్చారు.

“ఆల్మండే పెట్టాలి బాబాయ్ గారూ, వేలు పొడుగ్గా కనబడతాది,” అంది కోడలు.

“దానికి గోరు వేలు దాటి ఎంతుండాలమ్మా?”

“ఓ అయిదారు మిల్లీమీటర్లుంటే బాగుంటాది.”

బావగారు పేపరు అంచున లెక్క కట్టారు. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే వారానికి ఒక్కటి కూడా లేదు. “అయితే సంబంధం వాళ్లని సంక్రాంతికి రమ్మనండి,” అని తేల్చేశారు. మా అన్నయ్య నిజంగానే జేబులోంచి ఫోన్ తీశాడు. వదిన గుడ్లురిమింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పిల్ల పెళ్లి గోటి పెరుగుదల రేటు మీద ఆధారపడి ఉండేది.

చివరికి ఉన్న గోరుతోనే ఓవల్ అని రాజీ కుదిరింది. తడిసి మెత్తబడ్డ గోటిని అరగదీస్తే పొరలు లేస్తాయి, పూర్తిగా ఆరాకే తియ్యాలి, అదీ ముందుకీ వెనక్కీ కోసినట్టు కాకుండా ఒకే వైపుకి. ఈ శాస్త్రోక్త కారణం వల్ల పిల్లకి అంట్లు నిషేధం. అవి వదిన మీద పడ్డాయి, ఆవిడ గోళ్లు ఎంత నానినా పొరలు లేచినా ప్రపంచానికి నష్టం లేదు కదా. తర్వాత కోడలు క్యూటికిల్ కత్తిరిస్తానని చిన్న కట్టరు తీసింది. గోటి మొదట్లోకి క్రిములు దూరకుండా కాపలా కాసే చర్మం అమ్మా అది, కోస్తే గోరుచుట్టు లేస్తుంది, ఆ పైన రోకటిపోటుకి సిరిమాను తోపులాట ఎలాగూ ఉంది అన్నాను. “మీకు ఫ్యాషన్ తెలీదు లెండి,” అంది.

ఇంతసేపూ గుమ్మం దగ్గర వదిన వాళ్లక్క కూర్చుని ఉంది. పలాస నుంచి వస్తూ వస్తూ కిలో గుండు జీడిపప్పు తెచ్చింది. పళ్లెంలో పోసిన ఆ పప్పు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ కోడలు ఆల్మండ్ గొప్పతనం చెబుతోంది.

“పెద్దమ్మా, నువ్వు కూడా చెయ్యి పెట్టు, చేస్తారు,” అంది పిల్ల.

“ఓలమ్మ, నాకేటే! నా గోళ్లకి ఆకారం ఏటుంది?” అంటూ ఆవిడ రెండు చేతులూ కొంగు కిందకి లాక్కుంది. లాక్కునేలోపు కనపడ్డాయి. బొటనవేలి గోరు చుట్టూ నల్లగా పట్టేసిన మరక, వేళ్ల కొసల్లో పొరలు పొరలుగా లేచిపోయిన చర్మం.

కోడలు ఓసారి అటు చూసి, పిల్లవైపు తిరిగి అందీ, “అందుకే చెప్తున్నాను, షేప్ సరిగ్గా లేకపోతే పని చేసే చేతుల్లా కనిపిస్తాయి.”

పని చేసే చేతుల్లా కనిపించకూడదట! జీడిగింజ పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం ఉంటుంది, అది చర్మాన్ని కాలుస్తుంది, బూడిదో ఆముదమో రాసుకుని ఆ గింజలు కొట్టి, పప్పు మీది పొట్టు కత్తి మొనతో గోటి కొసతో ఒలిచి, బద్దలైతే ధర పడిపోతుంది కాబట్టి ఒక్కటీ విరక్కుండా చూసుకునే ఆడవాళ్ల చేతులవి. పౌండు బరువుకి 300 నుంచి 320 పప్పులు తూగితే డబ్ల్యూ 320 అని పప్పుకి గ్రేడు ఉంది. పప్పు ఆకారం చెడకుండా అన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. ఒలిచే చేతికి మాత్రం ఒక జత గ్లవుజులు కొనడానికి ఎవరికీ చేతులు రావు. ఆ మనిషి వచ్చి మన గుమ్మంలో కూర్చుంటే, చేతులు దాచుకోవాల్సింది ఆవిడా? ఆవిడ తెచ్చిన పప్పు నములుతూ ఆవిడ చేతినే దిష్టిబొమ్మగా చూపించే ఈ అందం ఎవడిక్కావాలి? ఓవల్ పెట్టుకోండి, స్క్వేర్ పెట్టుకోండి, మీ గోరు మీ ఇష్టం. పక్కవాళ్ల చెమటని మచ్చ అనకండి.

ఆడపిల్ల చేతులు చూసి మార్కులు వెయ్యడానికి బయల్దేరే పెద్దమనుషులకి కూడా ఇదే నా మనవి. పని చేసే చేతులు మీ కంటికి ఆనవా? అయితే పాయసంలో తేలుతున్న ఆ జీడిపప్పు ఏరి పక్కన పెట్టండి. అలాగే మీరు దర్జాగా కట్టుకొచ్చిన పొందూరు ఖద్దరు పంచె కూడా. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఆ సన్న నూలు వడికింది కూడా మా శ్రీకాకుళం ఆడవాళ్ల చేతులే, కాబట్టి దాన్ని ఇక్కడే విప్పి పెట్టి, ఎలా వచ్చారో అలా మీ ఇంటికి దయచెయ్యండి.