సీ అనే బుద్ధిమంతురాలు

మొన్న ఆదివారం పొద్దున్నే ఓ కాలేజీ పీఆర్వో ఫోన్ చేశాడు. "నమస్తే సార్, పాప పది కదా, ఇంటర్లో ఎంపీసీయా, బైపీసీయా?" అన్నాడు. పాప పేరు తెలుసు, బడి తెలుసు, ప్రీఫైనల్లో లెక్కల మార్కులూ తెలుసు. ఆ మార్కులు నాకే ఇంకా తెలియవు. నా నంబరెక్కడిది బాబూ అంటే "డేటాలో ఉంది సార్" అన్నాడు, బావిలో నీళ్లున్నాయన్నంత మామూలుగా.

కంగారేం లేదు. పిల్లల డేటాకు మనకో చట్టముంది. పేరు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లో పార్లమెంటు చేసింది. నిబంధనలు రాయడానికి రెండేళ్లు పట్టిందంటే ఎంత ఆలోచించి రాశారో చూడండి. 2025 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు, వాటిని నోటిఫై చేశామన్నారు. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది నిజంగా వాళ్లేనా అని కంపెనీ తేల్చుకోవాలి.

ఎలాగంటే, నాలుగు ఉదాహరణలిచ్చారు. అందులో సీ అంటే పిల్ల, పీ అంటే తల్లి, డీఎఫ్ అంటే కంపెనీ. ఆన్‌లైన్‌లో ఖాతా కావాల్సిన సీ, డీఎఫ్ దగ్గరికెళ్లి తాను చిన్నపిల్లనని చెబుతుంది. అప్పుడు డీఎఫ్ పీని పిలిపిస్తుంది.

ఏ తల్లి కన్న బిడ్డో గానీ, ఈ సీకి దిష్టి తీయాలి. రెండు ఉదాహరణల్లో తనే నిజం చెబుతుంది, మిగతా రెంటిలో తల్లే వచ్చి చెబుతుంది. నాకు పాతికేళ్లని నొక్కే సీ ఒక్కదాంట్లోనూ లేదు. మా వీధి సీలందరూ 1999లో పుట్టారు. ఎదురింటి సీకి పదకొండేళ్లు. వాళ్ల పీ ఫోన్‌కి ఓటీపీ వస్తే ఆవిడ "ఒరే నాన్నా, ఇదేంటో చూడు" అని వాడికే ఇస్తుంది. వాడే చూసి, వాడే కొట్టి, తనకు తానే తల్లిగా ఒప్పుకుని, "ఏం లేదమ్మా, రీఛార్జి అయిపోతోందట" అని ఫోన్ తిరిగిచ్చేస్తాడు. వాళ్ల నాయనమ్మకు గుర్తింపు పత్రాలు దాచుకునే డిజీలాకర్ తెరిచిపెట్టింది కూడా వాడే. డీఎఫ్ అడగాలే గానీ, ఇంటిల్లిపాది గుర్తింపూ పళ్లెంలో పెట్టి అందిస్తాడు.

పోనీ, వాడు చూసేది ఏవో రీళ్లు. మా పిల్ల మార్కులు అమ్ముకున్నదెవడు? ఎంతకమ్మాడు? ఏ పీని అడిగాడు? చదువు పేరుతో, భద్రత పేరుతో పిల్లల్ని ట్రాక్ చేసుకోడానికి బళ్లకు మినహాయింపిచ్చారు. కేంద్రం తాను కోరుకున్న ప్రభుత్వ సంస్థల్ని దేశభద్రత లాంటి కారణాలు చెప్పి చట్టం నుంచే తప్పించొచ్చు. పిల్లల విషయంలో తప్పు చేస్తే జరిమానా 200 కోట్ల దాకా అన్నారు, బాగుంది. అది వసూలైతే పోయేది కేంద్ర ఖజానాకి. పరువు, నిద్ర పోగొట్టుకున్న పిల్లకి రూపాయి రాదు. నా ఫిర్యాదు ఉత్తుత్తిదని తేలితే మాత్రం నాకు 10,000 దాకా పడుతుంది. సిగ్గనిపించదా ఇలా రాయడానికి?

అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. అప్పటికి మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేసుంటుంది, బహుశా ఆ పీఆర్వో కాలేజీలోనే.

నిన్న సాయంత్రం ఇంకో కాలేజీ నుంచి ఫోన్. వీడు పాప ఇంటిపేరు తప్పు చదివాడు. తప్పుడు వివరాలు సరిచేయించుకునే హక్కు చట్టంలో ఉందని గుర్తొచ్చి, అక్షరం అక్షరం చెప్పి సరిచేయించాను.

"థాంక్యూ సార్, అప్‌డేట్ చేసుకున్నాం" అన్నాడు.