ల్యాబ్రడార్‌కు లిఫ్టు... లచ్చికి గేటు!

హనుమకొండలోని ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు మొన్న ఆదివారం సాయంత్రం ఆటో ఆగింది. దిగిన రిటైర్డ్ టీచరమ్మ చేతిలో కొత్త స్టీలు గిన్నె, వెంట మెడపట్టీతో ఒక నల్ల కుక్క. పేరు లచ్చి. కాళ్లు మూడే. ‘‘లోపలికి రానియ్యొద్దని సెక్రటరీ సారు చెప్పిండు టీచరమ్మా, నా కొలువు పోతది’’ అని వాచ్‌మన్ చేతులు జోడించాడు. అరగంట వాదన. అంతసేపూ లచ్చి ఆటో చక్రానికి ఆనుకుని కూర్చుంది, మొరగలేదు. చివరికి అదే ఆటోలో షెల్టర్‌కు తిరిగి వెళ్లిపోయింది. ఈలోగా మూడో అంతస్తు వారి ల్యాబ్రడార్ లిఫ్టులో కిందికి దిగి, ఆ గేటులోంచే షికారుకు బయల్దేరింది.

లచ్చి షెల్టర్‌కు చేరి రెండేళ్లు దాటింది. లారీ కింద పడి వెనక కాలు పోయింది. దత్తత శిబిరం పెట్టిన ప్రతిసారీ చిన్న కూనలను ఎత్తుకెళ్లేవారే తప్ప, ఈడు ముదిరిన, నల్లటి, కుంటి కుక్క బోను ముందు నిలబడినవారు లేరు. శనిదోషం పోవాలని నల్లకుక్కను వెతికి మరీ రొట్టె పెట్టే ఊరు ఇది. ఆ రొట్టె వీధి వరకే, ఇంటి దాకా రాదు. ఇన్నాళ్లకు ఒక్క మనిషి ముందుకొస్తే, సొంత ఫ్లాట్‌లోకి తెచ్చుకోనివ్వకుండా నివాసుల సంఘం అడ్డుపడింది. నోటీసు బోర్డు మీద తీర్మానం కూడా అంటించారు: జాతి కుక్కలకు అభ్యంతరం లేదట, ఊరకుక్కలకు ప్రవేశం లేదట.

పిల్లలున్న చోట భయం ఉంటుందని సంఘం సభ్యులు అంటున్నారు. 2023 మే నెలలో కాజీపేటలో వీధికుక్కలు ఒక పసివాణ్ని చంపిన ఘోరాన్ని ఈ నగరం మరవలేదు, మేమూ మరవలేదు. కానీ లచ్చికి రేబిస్ టీకా వేశారు. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స అయింది, చెవి కొసన కత్తిరించిన గుర్తు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. భయమే కారణమైతే ఆ తీర్మానంలో టీకా మాట ఉండాలి, గొలుసు మాట ఉండాలి. ఉన్నది జాతి మాట ఒక్కటే.

చట్టం సంగతీ చూద్దాం. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. మెజారిటీతో తీర్మానించినా చెల్లదు. జాతి చూసో, సైజు చూసో తేడా చేయకూడదు. లిఫ్టు వద్దనకూడదు. పదేళ్లు దాటిన ఈ మాట ఆ కమిటీ పెద్దలకు తెలియదంటే మేం నమ్మం.

మమ్మల్ని అన్నిటికంటే కలవరపెడుతున్నది రేపటి సంగతి. ఈ కాగితం ఒక్క గేటు దగ్గర ఆగదు. సుబేదారిలో, నయీంనగర్‌లో, హంటర్ రోడ్డులో ఏ సంఘమైనా దీన్నే నకలు తీసి అంటించుకోవచ్చు. దత్తత తీసుకునేవారు మునిసిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్నాక ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న, బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలకుండా షెల్టర్లలో ఉంచాలంది. అంటే లోపలికి వచ్చేవి పెరుగుతాయి, బయటికి వెళ్లే దారి దత్తత ఒక్కటే. ఆ దారికి అపార్ట్‌మెంట్ సంఘాలు తాళం వేస్తే షెల్టర్లు కిక్కిరిసిపోవా? కుక్కలను వీధుల్లోంచి తీసేయమని వినతిపత్రాలు ఇచ్చేదీ ఈ సంఘాలే. తీసేసినదాన్ని ఒకరు ఇంట్లో పెట్టుకుంటామంటే గేటు మూసేదీ ఈ సంఘాలే. వీధిలో వద్దు, ఇంట్లో వద్దు. మరి ఎక్కడ ఉండాలో ఆ సెక్రటరీ చెప్పాలి.

2026 జనవరిలో హనుమకొండ జిల్లా పల్లెల్లో కుక్కలను చంపారన్న ఫిర్యాదులపై పోలీసులు కేసులు పెట్టినప్పుడు నగరంలో చదువుకున్నవారంతా పల్లెజనాన్ని తిట్టిపోశారు. ఇప్పుడు తమ గేటు దగ్గరికొచ్చిన కుక్కను జాతి అడిగి వెనక్కి పంపారు. జాతి అడిగి తలుపు తీసే అలవాటు ఈ నేల మీద మనుషుల విషయంలో ఎంత చేటు చేసిందో కొత్తగా చెప్పాలా? వేలకు వేలు పోసి కొన్న కుక్కకు ఒక నియమం, పైసా ఖర్చు లేకుండా ఒక ప్రాణాన్ని తెచ్చుకున్న ఇంటికి మరో నియమమా?

నగర పాలక సంస్థ కమిషనర్ ఈ వారంలోనే అన్ని నివాసుల సంఘాలకు లిఖితపూర్వకంగా ఆదేశం పంపాలి. దత్తత పత్రం, టీకా కార్డు ఉన్న ఏ కుక్కనూ జాతి పేరుతో ఆపకూడదని అందులో స్పష్టంగా రాయాలి. టీచరమ్మ రెండోసారి వెళ్లేటప్పుడు ఆ గేటు దగ్గర ఒక మునిసిపల్ అధికారి నిలబడాలి.

ఇక సంఘం పెద్దలకు ఒక మాట. మీ భవనంలో రెండేళ్లుగా మూడు జాతి కుక్కలున్నాయి, ఒక్క నోటీసూ అంటించలేదు. లచ్చి వస్తుందని తెలిసిన రెండు రోజుల్లో తీర్మానం చేశారు, అచ్చు వేయించారు, వాచ్‌మన్‌ను ముందుకు తోసి మీరు బాల్కనీల్లో నిలబడి చూశారు. ఆ కాగితాన్ని వాచ్‌మన్‌తో కాదు, మీ చేతులతో చింపండి.