సెలవులో ఉన్నా వదలని బడి

పాపకు పాలు పడుతుండగా బడి నుంచి మళ్లీ ఫోను. "మేడమ్, మూడో తరగతి వాళ్లకు ఏ లెక్కలు ఇమ్మంటారు?" ఉదయం నుంచి ఇది నాలుగోసారి.

ఒకే గదిలో ఐదు తరగతులు. చిన్నవాళ్లు అక్షరాలు దిద్దుతుంటే పెద్దవాళ్లకు భిన్నాలు చెప్పాలి, మధ్యలో వాళ్లను ఖాళీగా ఉంచకూడదు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే నేర్పించుకుంటారో, అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర ఎవరు ఆగిపోతారో, ఇవన్నీ ఏళ్ల తరబడి చూస్తేనే తెలుస్తాయి. అయినా రెండు నోటు పుస్తకాల నిండా రాసిపెట్టి వచ్చాను. నా బదులు వారానికో కొత్త మనిషిని పంపితే వాటిని తెరిచేదెవరు?

ప్రసవం హఠాత్తుగా వచ్చే జ్వరం కాదు కదా! నెలల ముందే అందరికీ తెలుసు. కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే ఒడంబడిక చేసింది. ఆ వారాలు ఒళ్లు కోలుకోవడానికి, బిడ్డను చూసుకోవడానికి. నా బదులు వచ్చేవారిని పది రోజులు ముందుగా పంపండి, దగ్గరుండి అన్నీ చూపిస్తానని పై అధికారులను ప్రాధేయపడ్డాను. "చూద్దాం" అన్నారు, అంతే.

ఇప్పుడేమో పిల్లలు వెనకబడింది నా సెలవు వల్లేనట. ఆ మాట వింటే కడుపు మండిపోతోంది. ఆ పిల్లలూ నా పిల్లలే. అదిగో, మళ్లీ ఫోను. ఇప్పుడిప్పుడే కన్ను మూసిన పాప ఉలిక్కిపడి లేచింది.