ఎచార్ గారికి, అద్దెకుంటున్నవాడు రాయునది

ఎచార్ గారూ, విసరడం, గెంటడం అని అర్థమున్న స్పానిష్ క్రియ గారూ, నమస్కారం. మీరు క్షేమమేనని తెలుసు, స్పానిష్‌లో ఏ వాక్యం ఎత్తినా మీరే తగులుతున్నారు. బాలేనిది నేను.

నిన్న మా ఓనరమ్మకి మెసేజ్ పెట్టాను. మూడు వారాలు విజయవాడ వెళ్తున్నా, మొక్కలకి నీళ్లు పోస్తానన్నందుకు థాంక్స్, మిమ్మల్ని బాగా మిస్సవుతాను అని. ఆ ఆఖరి ముక్క దగ్గర 'తె వోయ్ అ ఎచార్ ముచో' అని కొట్టా. నా లెక్కలో అది అభిమానం. ఆవిడకేమో, మాడ్రిడ్‌లో తన సొంత ఫ్లాట్‌లో అద్దెకుంటున్నవాడు 'నిన్ను గట్టిగా గెంటేయబోతున్నా' అన్నట్టు. అరగంట తర్వాత జవాబొచ్చింది. 'నన్నా?'

'దె మేనోస్' అని రెండు మాటలు మర్చిపోయానండీ, అంతే. అవి ఉంటే బెంగ, లేకపోతే గెంటుడు. మేనోస్ అంటే తక్కువ కదా, తక్కువ విసిరితే బెంగ ఎలా అవుతుంది? వాకబు చేస్తే తేలిందేంటంటే, అసలు మాట పోర్చుగీసుదట, 'అషార్ మేనోస్', ఒక మనిషి లేని లోటు కనిపెట్టడం. మీవాళ్లు దాన్ని సరిగ్గా వినకుండా మీ పేరు తగిలించి ఊరుకున్నారు. ఎప్పుడో ఎవడో పొరపాటున వింటే ఇప్పుడు నేను ఇల్లు ఖాళీ చెయ్యాలా? లాటిన్ అమెరికాలో చాలాచోట్ల హాయిగా 'ఎక్స్త్రన్యార్' అంటారు. నాకు ఆఫరొచ్చింది మాత్రం మాడ్రిడ్‌లో.

ఇంకోటి. 'నేను వేస్తాను' అన్నా ఎచోనే, 'చేసిన' అన్నా ఎచోనే, మొదటిదానికి హెచ్ లేదు, రెండోదానికి ఉంది, ఉన్నా పలకరు. పలకనిదాన్ని ఎందుకు మోస్తున్నట్టు?

ఉద్యోగం తీసేసినా నువ్వే, పెట్రోల్ కొట్టించినా నువ్వే, మధ్యాహ్నం కునుకు తీసినా నువ్వే, ఒక మనిషికి ఇన్ని పనులెందుకురా?

సరే, కోపంలో నోరు జారాను. నిజం చెప్పాలంటే మిమ్మల్ని నేర్చుకోడానికి నేనేం కష్టపడలేదు. కూరలో ఉప్పు వెయ్యి, తలుపుకి తాళం వెయ్యి, చీటీలు వెయ్యి, లెక్క వెయ్యి, నింద వేరేవాడి మీద వెయ్యి, టీవీలో సినిమా వేస్తున్నారు, పిల్లాడి మీద ఓ కన్నెయ్యి, అన్నిటికీ మీరే. సామాన్లు మోసేటప్పుడు 'ఓ చెయ్యెయ్యండి' అని ఉన్నదున్నట్టు స్పానిష్‌లో అనేస్తే పక్కింటాయన పరిగెత్తుకొచ్చాడు. మా 'వేయు'కి మీరు మేనత్త కొడుకేమో అనుకున్నా. బెంగ దగ్గరే తేడా కొట్టింది అనుకుంటూ పెట్టె సర్దుతున్నా.

ఓనరమ్మ నుంచి వాయిస్ మెసేజ్, సగం నవ్వే. 'దె మేనోస్, ఇహో, దె మేనోస్!' ఇహో అంటే అబ్బాయీ అని. మొక్కలకి నీళ్లు పోస్తుందట.

తర్వాత అమ్మ ఫోన్. 'ఎప్పుడు బయల్దేరుతున్నావురా, నాకిక్కడ ఒకటే దిగులేస్తోంది' అంది.

వేస్తోంది అంది, ఎచార్ గారూ.